బాణం తోకలో దీపం

"అబ్బ! ప్రశ్నలు పుంఖానుపుంఖాలుగా వేస్తున్నావురా" అని మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎప్పుడైనా మిమ్మల్ని అన్నారా? ఒకదాని వెంట ఒకటిగా, ఎడతెరిపి లేకుండా అని దాని అర్థం. ఈ మాట అందరం వాడతాం. మరి పుంఖం అంటే ఏమిటి? మా తొమ్మిదో తరగతి పిల్లలను అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. దాపరికం ఎందుకు, సైన్సు చెప్పే నాకూ తెలియదు. మా బడిలోని తెలుగు మాస్టారిని అడిగి తెలుసుకున్నాను.

బాణానికి ముందు కొసన ఉండేది ములికి. వెనుక కొసన, వింటి నారికి తగిలించే చోటు పుంఖం. ఒక బాణం పుంఖాన్ని తరుముతూ మరో బాణం, దాని పుంఖాన్ని తరుముతూ ఇంకొకటి వెళ్లటమే పుంఖానుపుంఖం. చూశారా, మనం రోజూ వాడే మాటలో ఒక యుద్ధరంగమే దాగి ఉంది!

ఈ పుంఖం గురించే ఇప్పుడు మీకు ఒక వింత చెబుతాను. అమెరికాలో విల్లంబులతో జింకలను వేటాడేవారు కొందరు, పుంఖంలో ఒక బుల్లి విద్యుద్దీపం అమర్చిన బాణాలు వాడతారు. అంబులపొదిలో ఉన్నంతసేపు ఆ దీపం వెలగదు. నారికి తగిలించి, చెవి దాకా లాగినా వెలగదు. బాణం వదిలిన మరుక్షణం మాత్రం దానంతట అదే వెలుగుతుంది! మిణుగురు పురుగులా మెరుస్తూ చీకట్లోకి దూసుకుపోతుంది.

చేతితో మీట నొక్కినవారు లేరు. మరి దీపాన్ని వెలిగించింది ఎవరు? ఇంతకూ బాణానికి దీపం ఎందుకు? రెండో ప్రశ్నతోనే మొదలుపెడదాం.

దీపం ఎందుకు?

మొదటే ఒక మాట చెప్పాలి. మన దేశంలో వన్యప్రాణులను వేటాడటం నేరం. అందుకోసం 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ తెల్లతోక జింకలు చాలా ఎక్కువ. ఒక్కొక్క రాష్ట్రం లైసెన్సులిచ్చి, ఫలానా నెలల్లో, ఫలానా వేళల్లో మాత్రమే వేటాడాలని నియమం పెడుతుంది. తుపాకులకు ఒక కాలం, విల్లంబులకు మరొక కాలం ఉంటాయి. వేట మంచిదా చెడ్డదా అనేది పెద్ద చర్చ. ఇప్పుడు మనం చూడబోయేది ఆ చర్చలో ఒక చిన్న భాగం.

విలుకాడు మంచె కట్టుకుని చెట్టు మీద కూర్చుంటాడు. జింక ఇరవై, ముప్ఫై మీటర్ల దగ్గరకు వచ్చేదాకా కదలకుండా వేచి ఉంటాడు. జింకలేమో ఎక్కువగా తెల్లవారుజామున, మునిమాపు వేళ తిరుగుతాయి. అందువల్ల బాణం వేసే సమయానికి వెలుతురు మందగించి ఉంటుంది.

బాణం దెబ్బకు జింక చాలాసార్లు అక్కడికక్కడే పడిపోదు. రక్తం పోతూ పోతూ కొంత దూరం పరుగెత్తి పడిపోతుంది. కాబట్టి బాణం ఎక్కడ తగిలిందన్నది విలుకాడు కచ్చితంగా తెలుసుకోవాలి. రొమ్ములో తగిలితే జింక త్వరగా చనిపోతుంది. అయినా కనీసం అరగంట ఆగి వెదకమని అక్కడ వేట నేర్పేవారు చెబుతారు. పొరపాటున పొట్టలో తగిలితే గంటల తరబడి కదలకుండా ఆగాలి. ఎందుకంటే, తొందరపడి వెంటబడితే గాయపడిన జింక బెదిరి మైళ్ల కొద్దీ పరుగెత్తుతుంది. ఎక్కడో పొదలో పడి, ఎవరికీ దొరకకుండా, బాధపడి బాధపడి చనిపోతుంది. అసలు బాణమే తగలకపోతే, లేని జింక కోసం రాత్రంతా వెదకవలసిన పని లేదు.

అంటే ఆ ఒక్క క్షణంలో కన్ను ఏం చూసిందన్నదాని మీద ఒక ప్రాణి ఎంత బాధపడుతుందన్నది ఆధారపడి ఉంది. మరి ఆ క్షణంలో మన కన్ను ఏం చూడగలదు?

కంటికి అందని వేగం

ఈనాటి వేట విల్లు నుంచి బాణం సెకనుకు సుమారు 80 మీటర్ల వేగంతో వెళుతుంది. అంటే గంటకు 288 కిలోమీటర్లు! ఇరవై మీటర్ల దూరం దాటటానికి దానికి పట్టే కాలం సెకనులో నాలుగోవంతు. మీరు ఒకసారి రెప్పవేసి తెరిచేలోపు పని అయిపోతుంది. పైగా బాణం మన పెన్సిలంత సన్నగా ఉంటుంది. రంగు చాలా వరకు నలుపు. మసక వెలుతురులో అది కనబడటం కల్ల.

అదే బాణం కొసన వెలుగు ఉంటే? దీపావళి నాడు కాకరపువ్వొత్తిని గిరగిర తిప్పితే ఏం కనబడుతుంది? వెలుగు చుక్క కాదు, వెలుగు వలయం కనబడుతుంది. ఎందుకంటే ఒక దృశ్యం పోయిన తరువాత కూడా దాని ముద్ర మన కంటిలో సుమారు సెకనులో పదహారో వంతు నిలిచి ఉంటుంది. దీన్ని దృష్టి నిలకడ అంటారు. సెకనులో పదహారో వంతులో మన బాణం ఎంత దూరం పోతుంది? 80ని 16తో భాగించండి. 5 మీటర్లు! అంటే పక్కన నిలబడి చూసేవారికి ఐదు మీటర్ల పొడవున్న వెలుగు గీత గాలిలో సాగిపోతున్నట్టు కనబడుతుంది. వెనుక నుంచి చూసే విలుకాడికి ఆ గీత కురచగా కనబడుతుంది. కానీ వెలుగు చుక్క ఎక్కడికి వెళ్లి ఆగిందో అతనికి స్పష్టంగా తెలుస్తుంది.

ఆగిన తరువాత కూడా ఆ దీపం ఎన్నో సంగతులు చెబుతుంది. చుక్క జింక వెనుక నేలలో నిలిచి వెలుగుతూ ఉంటే బాణం దూసుకుపోయిందన్నమాట, లేదా గురి తప్పిందన్నమాట. దగ్గరకు వెళ్లి బాణాన్ని పరీక్షిస్తే ఏది నిజమో తెలిసిపోతుంది. చుక్క పరుగులు తీస్తూ పోతే బాణం జింకలోనే ఉందన్నమాట. ఏ దిక్కుకు పోయిందో కూడా కనబడుతుంది. ఇంకొక ప్రయోజనం ఉంది. వేట బాణం ములికికి క్షౌరపు బ్లేడు వంటి అంచులుంటాయి. అది గడ్డిలో పోతే తరువాత మనిషి కాలో, గొడ్డు కాలో తెగవచ్చు. దీపం ఉంటే బాణం దొరుకుతుంది.

సంజెవేళ ఎరుపు ఏమవుతుంది?

ఇక్కడ మన కంటి గురించి ఒక చక్కని విషయం నేర్చుకోవచ్చు. మన కంటి వెనుక పొరలో రెండు రకాల కణాలున్నాయి. పగటి వెలుతురులో పనిచేసేవి శంకు కణాలు. రంగులను గుర్తించేవి అవే. మసక వెలుతురులో పనిచేసేవి దండ కణాలు. ఇవి రంగులను చెప్పలేవు. నీలం, ఆకుపచ్చల మధ్య ఉండే కాంతికి బాగా స్పందిస్తాయి. ఎర్రని కాంతికి దాదాపు స్పందించవు.

అందుకని పొద్దు గూకేకొద్దీ ఎర్రని వస్తువులు నల్లబడతాయి. ఆకుపచ్చని వస్తువులు వాటికంటే మెరుగ్గా కనబడతాయి. 19వ శతాబ్దంలో చెక్ శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే ఈ సంగతి గమనించాడు. అందుకే దీనికి ఆయన పేరు పెట్టారు. ఇప్పుడు ఆలోచించండి. ఆకుల మీద పడిన నెత్తుటి చుక్కలు మునిమాపు వేళ ఏ రంగులో కనబడతాయి? నల్లగా! నల్లని నేల మీద నల్లని చుక్కలు. గాయపడిన జింక జాడ దొరకకపోవటానికి ఇదొక పెద్ద కారణం. కాంతిని తానే వెదజల్లే వస్తువుకు ఈ బాధ తక్కువ. దీపపు పుంఖాలు ఎరుపు, ఆకుపచ్చ వంటి పలు రంగుల్లో దొరుకుతాయి.

జింక కళ్లలో ఎరుపును గుర్తించే శంకు కణాలు లేవని కూడా శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అమెరికా వేటగాళ్లు మెరిసే నారింజ రంగు చొక్కాలు తొడుక్కునేది అందుకే. తోటి వేటగాడికి ఆ రంగు కొట్టొచ్చినట్టు కనబడుతుంది, జింకకు కనబడదు.

దీపాన్ని వెలిగించేది ఎవరు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ముందు ఒక లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

విల్లును లాగినప్పుడు మన కండరాల శక్తి వింటి బద్దలలో స్థితిశక్తిగా చేరుతుంది. వదలగానే అది బాణానికి గతిశక్తిగా మారుతుంది. బాణం నారిని అంటిపెట్టుకుని ముందుకు కదిలే దూరం సుమారు అర మీటరు. ఆ అర మీటరులోనే దాని వేగం సున్నా నుంచి 80 మీటర్లకు పెరగాలి. త్వరణం ఎంత? వేగపు వర్గాన్ని, దూరానికి రెట్టింపుతో భాగించాలని మీరు చదువుకున్నారు. 80 × 80 = 6400. దూరానికి రెట్టింపు 1 మీటరు. కాబట్టి త్వరణం సెకనుకు సెకనుకు 6400 మీటర్లు. భూమి ఆకర్షణ వల్ల కలిగే త్వరణం 9.8 మాత్రమే. అంటే బాణం త్వరణం దానికి 650 రెట్లు! ఇదంతా సెకనులో ఎనభయ్యో వంతులో జరిగిపోతుంది.

ఆగి ఉన్న బస్సు ఒక్కసారి ముందుకు దూకితే నిలబడి ఉన్న మనం వెనక్కు తూలుతాం గదా! కదలకుండా ఉన్న వస్తువు కదలకుండానే ఉండాలని చూస్తుంది. ఇదే జడత్వం. బాణానికీ జడత్వం ఉంది. నారి పుంఖాన్ని ముందుకు తోస్తుంది. బాణపు కాడేమో "నేను కదలను" అని మొరాయిస్తుంది. మధ్యలో నలిగేది ఎవరు? పుంఖం!

ఎంత బలంతో నలుగుతుంది? బలం అంటే ద్రవ్యరాశి, త్వరణాల లబ్ధం. బాణం ద్రవ్యరాశి 25 గ్రాములు, అంటే 0.025 కిలోలు. దాన్ని 6400తో గుణిస్తే 160 న్యూటన్లు వస్తుంది. పదహారు కిలోల బియ్యపు బస్తాను ఆ బుల్లి పుంఖం మీద పెట్టినట్టే!

పుంఖం మీద పడే ఈ బలం పాతకాలపు వాళ్లకూ అనుభవమే. ఇంగ్లండులో 1545లో మునిగిపోయి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకలో వేల కొద్దీ చెక్క బాణాలు దొరికాయి. వాటి పుంఖాలలో సన్నని కొమ్ముముక్క దూర్చటానికి చేసిన చీలికలు కనబడతాయి. నారి దెబ్బకు చెక్క చీలిపోకుండా ఆ కొమ్ముముక్క కాపాడేది. పూర్వులు దాని నుంచి బాణాన్ని కాపాడుకోవటానికి తిప్పలు పడ్డారు. ఈనాటివారు ఆ బలంతోనే దీపం వెలిగించుకుంటున్నారు.

మూడు రకాల మీటలు

పుంఖంలోని మీటను మూడు విధాలుగా అమరుస్తారు.

మొదటిది నారి నొక్కే మీట. పుంఖం పారదర్శకమైన ప్లాస్టిక్‌తో చేసి ఉంటుంది. దాని లోపల దీపం, బాణపు గొట్టంలోకి దూరి ఉండే సన్నని బ్యాటరీ ఉంటాయి. రెంటికీ మధ్య వెంట్రుకవాసి ఎడం. బాణం వదలగానే నారి తోపుకు పుంఖమో, దానిలోని చిన్న ముక్కో ముందుకు జరుగుతుంది. ఎడం పూడిపోయి వలయం పూర్తవుతుంది. దీపం వెలుగుతుంది. జరిగిన ముక్క అక్కడే బిగిసిపోతుంది గనుక దీపం ఆరదు. ఆర్పటానికి దాన్ని మళ్లీ వెనక్కు లాగాలి.

"విల్లును లాగేటప్పుడు కూడా నారి పుంఖానికి తగులుతూనే ఉంది గదా, అప్పుడెందుకు వెలగదు?" అని మీకు సందేహం రావాలి. వస్తే భేష్! లాగేటప్పుడు మన చేయి బలమంతా నారి మీదనే ఉంటుంది. బాణం నారిని పట్టుకుని మెల్లగా వెనక్కు వస్తుందంతే. 25 గ్రాముల కాడను మెల్లగా కదపటానికి ఎంత బలం కావాలి? చాలా కొద్ది. మీట కదలటానికి అది చాలదు. వదిలినప్పుడు పడే 160 న్యూటన్లయితే చాలినంత, మించినంత.

రెండవది జడత్వపు మీట. ఇందులో నారి దేన్నీ నొక్కదు. లోపల ఒక చిన్న బరువు స్ప్రింగు ఆధారంతో నిలిచి ఉంటుంది. బాణం ముందుకు దూకగానే, బస్సులో మనలాగే, ఆ బరువు వెనక్కు తూలుతుంది. వెళ్లి లోహపు ముక్కను తాకుతుంది. వలయం పూర్తి!

మూడవది అయస్కాంతపు మీట. విల్లుకు ఒక చిన్న అయస్కాంతం బిగిస్తారు. పుంఖంలో రీడ్ స్విచ్ ఉంటుంది. గాజు గొట్టంలో ఒకదానికొకటి తగలకుండా ఉన్న రెండు సన్నని ఇనుప రేకులే రీడ్ స్విచ్. బాణం అయస్కాంతం పక్క నుంచి దూసుకుపోతుంటే ఆ రేకులు అయస్కాంతాలై ఒకదాన్నొకటి లాక్కుని అతుక్కుంటాయి. ఆ క్షణికమైన సంకేతాన్ని అందుకుని బుల్లి విద్యుత్ పరికరం దీపాన్ని వెలిగించి ఉంచుతుంది.

బల్బు పగిలిపోదా?

పుంఖం బరువు ఒకటిన్నర గ్రాముల పైచిలుకు. త్వరణం భూమ్యాకర్షణకు 650 రెట్లు. అంటే ఆ క్షణంలో పుంఖం తాను సుమారు ఒక కిలో బరువున్నట్టు ప్రవర్తిస్తుంది! ఇంత కుదుపులో పాతకాలపు టార్చిలైటు బల్బు నిలుస్తుందా? దానిలోని సన్నని తీగ తెగిపోతుంది. బాణం లక్ష్యానికి గుచ్చుకుని ఆగేటప్పుడు తగిలే దెబ్బ ఇంకా గట్టిది.

అందుకే ఇందులో ఎల్.ఇ.డి. వాడతారు. ఎర్రని కాంతినిచ్చే మొదటి ఎల్.ఇ.డి.లలో ఒకదాన్ని అమెరికాకు చెందిన నిక్ హోలోన్యాక్ 1962లో తయారుచేశాడు. ఇందులో తీగ లేదు, గాలి తీసేసిన బుడ్డీ లేదు. ఒక చిన్న అర్ధవాహకపు పలుకును ప్లాస్టిక్‌లో పొదిగి ఉంచుతారు. విద్యుత్తు ప్రవహించినప్పుడు ఆ పలుకే కాంతినిస్తుంది. తెగేదీ లేదు, పగిలేదీ లేదు.

ఇక బ్యాటరీ సంగతి. ఇది అగ్గిపుల్ల కంటే కొంచెం లావుగా ఉండే లిథియం బ్యాటరీ. వ్యాసం నాలుగు మిల్లీమీటర్ల పైన కొద్దిగా, పొడవు రెండున్నర సెంటీమీటర్లు, 3 వోల్టులు. రాత్రిపూట గాలం వేసేవారి బెండులో వెలిగే దీపానికీ ఇటువంటిదే వాడతారు. దీనిలో నిలవ ఉండే విద్యుత్తు 25 మిల్లీ ఆంపియర్ గంటలు. దీపం 2 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే ఎంతసేపు వెలుగుతుంది? 12 గంటలకు పైనే. అంటే పొద్దు గూకినప్పుడు వెలిగిన దీపం తెల్లవారేదాకా ఉంటుంది.

ఒక గ్రాము చేసే పని

ఇంత మంచి దీపాన్ని ఉన్న బాణానికి ఊరికే తగిలించేస్తే సరిపోతుందా? సరిపోదు. ప్రకృతి ఏదీ ఉచితంగా ఇవ్వదు.

మన కంసాలులు ఒకప్పుడు గురివింద గింజలతో బంగారం తూచినట్టే, అమెరికాలో విలుకాండ్రు ఇప్పటికీ బాణాలను గ్రెయిన్లలో తూస్తారు. ఆ మాటకు అర్థం కూడా గింజే! ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. మామూలు ప్లాస్టిక్ పుంఖం 10 గ్రెయిన్ల దాకా ఉంటుంది. దీపపు పుంఖం 25 గ్రెయిన్ల దాకా ఉంటుంది. తేడా 15 గ్రెయిన్లు, అంటే ఒక గ్రాము. ఒక్క గ్రామే గదా అనుకుంటున్నారా? లెక్క వేద్దాం.

మన బాణం పొడవు 75 సెంటీమీటర్లు, బరువు 25 గ్రాములు అనుకుందాం. దాన్ని వేలి మీద నిలబెడితే పుంఖం నుంచి 45 సెంటీమీటర్ల దగ్గర సమంగా నిలుస్తుందనుకుందాం. అదే గురుత్వ కేంద్రం. నట్టనడుమ అంటే 37.5 గదా! దానికంటే 7.5 సెంటీమీటర్లు ముందు ఉంది. బాణం తిన్నగా పోవాలంటే ఇట్లా ముందు బరువు ఉండాలి. అప్పుడే వెనుక ఉన్న ఈకలు గాలి సాయంతో తోకను అదుపులో పెట్టగలవు.

ఇప్పుడు తోక చివర ఒక గ్రాము కలిపాం. కొత్త గురుత్వ కేంద్రం 25 × 45 ను 26తో భాగిస్తే వస్తుంది. 43.3 సెంటీమీటర్లు. అంటే కేంద్రం 1.7 సెంటీమీటర్లు వెనక్కు జరిగింది. ముందుకున్న మొగ్గు 7.5 నుంచి 5.8కి తగ్గిపోయింది. బాణం తోక ఊపటానికి అవకాశం పెరిగింది.

ఇంకొకటి. విల్లు ఇచ్చే శక్తి దాదాపు అంతే ఉంటుంది. బరువు పెరిగింది గనుక వేగం 80 నుంచి సుమారు 78.5కు తగ్గుతుంది. ముప్ఫై మీటర్లు పోయేలోపు బాణం భూమ్యాకర్షణ వల్ల కిందికి దిగుతుంది. మునుపు 69 సెంటీమీటర్లు దిగేది ఇప్పుడు దాదాపు 72 సెంటీమీటర్లు దిగుతుంది. తేడా మూడు సెంటీమీటర్లు. మన రెండు వేళ్ల వెడల్పు!

మరి ఏం చేయాలి? ములికి బరువు కొంచెం పెంచి మొగ్గును సరిచేయవచ్చు. దీపపు పుంఖంతోనే, లేదా అంతే బరువున్న పుంఖంతోనే రోజూ సాధన చేయాలి. సాధనకు తేలిక పుంఖం, వేట నాడు బరువు పుంఖం అంటే కుదరదు. పుంఖం బాణపు గొట్టంలో సరిగ్గా ఇమడాలి కూడా. వదులైతే చెయ్యి తగిలినా వెలుగుతుంది. మరీ బిగువైతే వదిలినా వెలగదు.

దీపం మీద తగవు

ఇంత చిన్న దీపం అమెరికాలో పెద్ద తగవే తెచ్చింది. ఆ కథ చెప్పాలంటే కొంచెం వెనక్కు వెళ్లాలి.

1911లో కాలిఫోర్నియాలోని ఒరోవిల్ అనే ఊరికి ఆకలితో ఒక మనిషి వచ్చాడు. ఆయన యాహీ అనే ఆదివాసీ తెగలో మిగిలిన ఆఖరివాడు. తన పేరు చెప్పలేదు. "ఇషి" అని పిలిచారు. ఆయన భాషలో మనిషి అని దాని అర్థం. శాన్ ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయపు మ్యూజియంలో ఆయనకు నివాసం ఏర్పాటు చేశారు. అక్కడి వైద్య కళాశాలలో పనిచేసే డాక్టర్ సాక్స్‌టన్ పోప్ ఆయనకు స్నేహితుడై, ఆయన దగ్గర విల్లు చేయటం, బాణం వేయటం నేర్చుకున్నాడు. 1916లో ఇషి క్షయవ్యాధితో మరణించాడు. పోప్, ఆయన మిత్రుడు ఆర్థర్ యంగ్ ఆ విద్యను ప్రచారం చేశారు. వారి పేర్ల మీద 1961లో పోప్ అండ్ యంగ్ క్లబ్ ఏర్పడింది.

జంతువుకు తప్పించుకునే అవకాశం ఉండాలి, వేటలో యంత్రాల పెత్తనం ఉండకూడదు అనేది ఈ సంఘం పట్టుదల. అందుకని విల్లుకు గానీ బాణానికి గానీ విద్యుత్ పరికరం ఏదీ తగిలించరాదని నియమం పెట్టింది. కొన్ని రాష్ట్రాలు కూడా ఇటువంటి చట్టమే చేశాయి. "ఈరోజు దీపం పెడతారు, రేపు గురి చూసే యంత్రం పెడతారు. ఇక ఇషి విద్య ఎక్కడ మిగులుతుంది?" అన్నది వారి భయం. దీపం ఉందన్న ధైర్యంతో చూపు ఆనని చీకట్లో కూడా బాణం వేస్తారని మరికొందరు వాదించారు. ఆ భయాలు కొట్టిపారేయదగినవి కావు.

రెండో పక్షం వారు ఏమన్నారంటే, "ఈ దీపం బాణం వదిలాకగానీ వెలగదు. గురి చూడటానికి ఇది రవ్వంత కూడా సాయపడదు. దెబ్బ ఎక్కడ తగిలిందో మాత్రం చెబుతుంది. గాయపడిన జంతువును వెదకి పట్టుకోవటం వేటగాడి బాధ్యత గదా!"

చివరకు 2014లో పోప్ అండ్ యంగ్ క్లబ్ తన నియమాన్ని సవరించి, దీపపు పుంఖాలను అనుమతించింది. అయితే ఒలింపిక్స్ వంటి లక్ష్యపు పోటీలకు నియమాలు చేసే ప్రపంచ ఆర్చరీ సంస్థ మాత్రం వీటిని ఒప్పుకోదు. కదలని లక్ష్యానికి, పట్టపగటి వెలుతురుకు దీపంతో పనేముంది?

పోటీల మాట వచ్చింది గనుక ఒక సంగతి. ఈ వేటగాళ్లలో ఎక్కువమంది వాడే విల్లు కాంపౌండ్ విల్లు. దాని రెండు కొసలకూ కప్పీల వంటి చక్రాలు ఉంటాయి. మిస్సోరీ రాష్ట్రానికి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ దానికి 1969లో పేటెంటు పొందాడు. నారిని పూర్తిగా లాగాక ఆ చక్రాల పుణ్యమా అని చేతి మీద భారం బాగా తగ్గుతుంది. అందుకని స్థిమితంగా గురి చూడవచ్చు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు సాధించింది ఈ రకం విల్లుతోనే. ఆమె బాణాలకు దీపాలు లేవు. కానీ పైన మనం వేసిన త్వరణం, గురుత్వ కేంద్రం లెక్కలన్నీ ఆమె బాణాలకూ వర్తిస్తాయి.

నా మట్టుకు నాకు తోచినది చెబుతాను. దీపం విలుకాడి గురిని మెరుగుపరచదు. గురి ఎక్కడ తప్పిందో దాచకుండా చూపుతుంది. తన తప్పు తనకు కనబడ్డాక ఆగవలసిన చోట ఆగటం, వెదకవలసిన చోట రాత్రంతా అయినా వెదకటం మనిషి చేతిలో ఉన్న పని. దానికి ఏ బ్యాటరీ సాయపడదు.

చేసి చూడండి

1. రెండు పొడవాటి చీపురుపుల్లలు తీసుకోండి. రెంటికీ ఒక కొసన చిన్న కాగితపు ఈకలు అతికించండి. ఒకదానికి ఈకలు లేని కొసన బఠాణీ గింజంత బంకమట్టి పెట్టండి. రెండవదానికి ఈకల పక్కన అంతే మట్టి పెట్టండి. ఈకలు వెనుక ఉండేట్టు పట్టుకుని, ఎవరూ లేని వైపుకు, ఖాళీ గోడకేసి మెల్లగా విసరండి. ఏది తిన్నగా పోయింది? ఏది గాలిలో పల్టీ కొట్టింది? మనుషుల మీదికి, జంతువుల మీదికి విసరకండి.

2. సాయంత్రం మీ పెరట్లోని ఎర్ర మందారం చెట్టు ముందు కూర్చోండి. దీపాలు వేయవద్దు. ఎండ ఉన్నప్పుడు పువ్వు, ఆకు రెంటిలో ఏది కొట్టొచ్చినట్టు కనబడుతుందో రాసుకోండి. పొద్దు గూకాక పావుగంటకొకసారి చూసి మళ్లీ రాసుకోండి. పుర్కిన్యే చూసినది మీరూ చూస్తారు.

3. ఒక ఎర్రని ఎల్.ఇ.డి., గుండ్రని 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ, పాత బాల్‌పెన్నులోని స్ప్రింగు తీసుకోండి. ఎల్.ఇ.డి. పొడవు కాలును బ్యాటరీ ధన ధ్రువానికి టేపుతో అంటించండి. పొట్టి కాలికి స్ప్రింగు ఒక కొసను చుట్టి, రెండో కొస రుణ ధ్రువానికి వెంట్రుకవాసి ఎడంగా వేలాడేట్టు చేయండి. చేతిలో పట్టుకుని ఒక్కసారి కుదపండి. దీపం తళుక్కుమంటుంది. ఇదే జడత్వపు మీట! పని కాగానే బ్యాటరీని పసిపిల్లలకు అందని చోట దాచండి. మింగితే ప్రాణాపాయం.

ఆలోచించండి

మీరు చేసిన దీపం తళుక్కుమని ఆరిపోయింది. బాణంలోని దీపం మాత్రం తెల్లవార్లూ వెలుగుతుంది. మీ మీట కూడా ఒకసారి తగిలాక విడిపోకుండా ఉండాలంటే ఏం చేర్చాలి? అయస్కాంతమా, కొక్కెమా, బంకా? చేసి చూసి, మీ సైన్సు మాస్టారికి చూపించండి. ఆయన ప్రశ్నలు పుంఖానుపుంఖాలుగా వేస్తారు, సిద్ధంగా ఉండండి!